చుట్టులో తప్పు లేదు

కాయిల్ చుట్టే అన్నను ఆ పనిలోంచి తప్పించిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. రివ్యూ మీటింగు. గోడ వారన కుర్చీలో, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "వేడి మారినప్పుడే తప్పు వస్తోంది. వేడికి స్పందించేది కాయిల్. చుట్టడంలోనే ఏదో తేడా ఉంది" అని పెద్దవాళ్లు తేల్చారు. నా వైపు తిరిగి "ఎలక్ట్రానిక్స్ సంగతేంటమ్మా?" అని అడిగారు. "అన్ని టెస్టులూ పాసయ్యాయి సార్" అన్నాను. అబద్ధం చెప్పలేదు. నిజంగానే అన్నీ పాసయ్యాయి. కాని ఆ మాట తర్వాత నెలల తరబడి నన్ను నిద్రపోనివ్వలేదు.

మా ల్యాబ్ హైదరాబాదు శివార్లలో ఉంది. పేరు అవసరం లేదు. మేం చేసేది ఫైబర్ గైరోస్కోపు. ఉపగ్రహాల సాయం లేకుండా, బండి ఎటు ఎంత తిరిగిందో చెప్పే పరికరం. కిలోమీటరు పొడవున్న గాజు ఫైబరును పది సెంటీమీటర్ల వ్యాసమున్న రీలుకు చుడతాం. ఒకే కాంతిని రెండు పాయలు చేసి రెండు కొసల నుంచీ ఎదురెదురుగా పంపుతాం. రీలు కదలకుండా ఉంటే రెండు పాయలూ ఒకేసారి బయటికొస్తాయి. రీలు తిరుగుతుంటే ఒకటి రవ్వంత ముందు, ఇంకొకటి రవ్వంత వెనక వస్తాయి. ఈ సంగతిని ఫ్రాన్సులో సాన్యాక్ 1913లో అద్దాలతో చూపించాడు. 1976లో అమెరికాలో వాలి, షార్ట్‌హిల్ అనే ఇద్దరు దాన్ని ఫైబరులోకి తెచ్చారు.

ఆ రవ్వంత తేడాను మేం నేరుగా కొలవం. తక్కెడలో బెల్లం బరువు తెలియాలంటే రెండో పళ్లెంలో రాళ్లు వేస్తాం కదా, అలాగే ఆ తేడాను సున్నా చేయడానికి ఎంత ఎదురు వేయాల్సి వచ్చిందో చూసి బరువు చెబుతాం. ఆ రాళ్లు వేసే పని నాది. కాంతి ఫ్రీక్వెన్సీని కావలసినంత జరపడమే ఇక్కడ రాయి వేయడం.

ఎలా జరుపుతామో చెప్పాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. తరంగం ఫేజ్‌ను గడియారం ముల్లు అనుకోండి. తన మానాన తిరిగే ఆ ముల్లును ఎవరో వేలితో, క్షణానికి ఇంత అని ఒకే లెక్కన ముందుకు తోస్తూ ఉంటే, చూసేవాళ్లకి గడియారం వేగం పెరిగినట్టే. ఫేజ్‌ను సమంగా పెంచుకుంటూ పోతే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. కాంతికి ఆ వేలు లిథియం నయోబేట్ స్ఫటికం. దాని మీద వోల్టేజీ పెంచితే లోపల నడిచే కాంతి ఫేజ్ జరుగుతుంది. కాని వోల్టేజీని ఎంతకాలమని పెంచుతాం? మా స్ఫటికానికి దాదాపు 10 వోల్టులు ఇస్తే ముల్లు సరిగ్గా ఒక చుట్టు తిరిగేది. ఒక చుట్టు తిరిగిన ముల్లు మొదట ఉన్న చోటికే వస్తుంది గనక, అక్కడ వోల్టేజీని ఒక్కసారిగా కిందికి పడేసినా కాంతికి తెలియదు. మళ్లీ ఎక్కడం, మళ్లీ పడటం. స్కోపు మీద రంపపు పళ్లలా కనిపిస్తుంది. సెకనుకు ఎన్ని పళ్లు పడితే ఫ్రీక్వెన్సీ అన్ని హెర్ట్జులు జరిగినట్టు.

ఈ పద్ధతి కాంతి కోసం పుట్టింది కాదు. 1957లో ఆర్.సి. కమింగ్ మైక్రోవేవుల కోసం, ట్రావెలింగ్ వేవ్ ట్యూబుకు రంపపు వోల్టేజీ ఇచ్చి చేసిన దాన్ని వివరిస్తూ పేపరు రాశారు. లాటిన్‌లో సెర్రా అంటే రంపం. అందుకే దీన్ని సెర్రోడైన్ అంటారు. ఎం.టెక్.లో నేను చేసిన ప్రాజెక్టు ఇదే, మైక్రోవేవు ఫేజ్ షిఫ్టరు మీద. చుట్టు సరిగ్గా పూర్తయితే స్పెక్ట్రమ్ అనలైజరు తెర మీద పాత గీత మాయమై, కొత్త చోట కొత్త గీత ఒక్కటే నిలబడుతుంది. చుట్టు నూటికి ఐదు పాళ్లు తగ్గిందంటే పాత గీత మళ్లీ తలెత్తుతుంది. దాని శక్తి మొత్తంలో 360వ వంతుకు కాస్త అటూ ఇటూ, అంతే. అయినా తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీతను రోజుల తరబడి చూశాను గనక, చుట్టు కొలత తప్పితే అది కంటపడి తీరుతుందన్న నమ్మకం నాలో నాటుకుపోయింది. గైరోలో అలాంటి తెర ఉండదన్నది నేను తగినంతగా ఆలోచించలేదు.

మొదటి కాయిల్ పనిచేసిన రాత్రి నాకు బాగా గుర్తు. పళ్లెంలా బల్ల మీద పడుకోబెట్టాం. ఎవరూ ముట్టుకోలేదు. అయినా రంపం సెకనుకు దాదాపు ఒకసారి పడుతోంది. ఎక్కుతోంది, పడుతోంది. తిప్పుతున్నది భూమి. గంటకు 15 డిగ్రీలు తిరిగే భూమి, హైదరాబాదు ఉన్న 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, నిలువు ఇరుసు చుట్టూ గంటకు నాలుగున్నర డిగ్రీల చొప్పున తిప్పుతుంది. మా కాయిల్‌లో రంపం ఒకసారి పడితే 4.6 ఆర్క్ సెకన్లు తిరిగినట్టు. ఆ అర్ధరాత్రి ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేసి, భూమి తిరగడం కళ్లతో చూస్తున్నానని చెప్పాను.

కాయిల్ చుట్టే అన్న కూడా ఆ రాత్రి ఉన్నాడు. ఆయన పని గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫైబరు తలవెంట్రుక కన్నా కాస్త లావు. కిలోమీటరు ఫైబరంటే ఆ రీలు మీద దాదాపు 3,200 చుట్లు. ఒక కొస నుంచి మొదలుపెట్టి చుట్టుకుంటూ పోతే సరిపోదు. వేడి ఒక వైపు నుంచి వస్తే, ఎదురెదురుగా వెళ్లే రెండు పాయలకూ అది వేర్వేరు వేళల్లో తగిలి, తిరగకపోయినా తిరిగినట్టు అంకె వస్తుంది. 1980లో షూప్ అనే ఆయన చూపించిన ఇబ్బంది ఇది. దానికి విరుగుడుగా ఫైబరు నట్టనడుమ నుంచి మొదలుపెట్టి, రెండు సగాలను రెండు చిన్న రీళ్లకు ఎక్కించుకుని, ఇటు సగంతో ఒక పొర, అటు సగంతో రెండు పొరలు, మళ్లీ ఇటు సగంతో ఒక పొర వేయాలి. నడుమ నుంచి సమాన దూరంలో ఉన్న చోట్లు పక్కపక్కనే పడతాయి, వేడి రెండింటికీ ఒకేసారి తగులుతుంది. అన్న దీన్ని భూతద్దం కింద, ఫ్యాను ఆపేసి, చెమట కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ చుట్టేవాడు. ఒక చుట్టు పక్క చుట్టు మీదికి ఎక్కితే అక్కడిదాకా విప్పి మళ్లీ మొదలు. ఒక్కో కాయిల్‌కు పది పన్నెండు రోజులు. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి. అంతకుముందు బాలానగర్‌లో మోటార్లు చుట్టేవాడు.

ఇక నా తప్పు. రంపం పడేటప్పుడు సర్క్యూట్‌లో స్పైకు వచ్చేది. కాంతి ఆ కిలోమీటరు దాటడానికి సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. మేమూ అదే లెక్కన శాంపిళ్లు తీసేవాళ్లం. పడిన వెంటనే వచ్చే శాంపిల్‌లో ఆ స్పైకు కలిసిపోయి అంకె చెదిరేది. ఫర్మ్‌వేర్‌లో ఒక లైను రాశాను: పడిన తర్వాతి ఒక్క శాంపిల్‌ను వేగం లెక్కలో కలపొద్దు. గ్రాఫు నునుపుగా వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ శాంపిల్‌ను పూర్తిగా పారేయలేదు. స్ఫటికం వేడెక్కితే ఒక చుట్టుకు కావలసిన వోల్టేజీ మారుతుంది. అందుకని పడినప్పుడల్లా సరిగ్గా ఒక చుట్టే పడిందా అని చూసి దిద్దే రెండో లూపు ఒకటుంటుంది. తీసేసిన శాంపిల్‌ను దానికిచ్చాను. ఒక్కో శాంపిల్‌ను నమ్మలేం గనక 4,096 పోగయ్యాక సగటు తీసి అప్పుడు దిద్దమన్నాను. సెకనుకు 10 డిగ్రీలు తిప్పితే రంపం సెకనుకు దాదాపు 7,800 సార్లు పడుతుంది. అర సెకనులో 4,096 నిండుతాయి. చాలనుకున్నాను.

మే నెలలో బండి మీద పెట్టి ఫీల్డ్ ట్రయల్ చేశారు. పొద్దున్నే చల్లగా ఉండగా ఆన్ చేసి, ఎండలో నిలబెట్టి, తర్వాత నడిపారు. మొదటి మలుపులో దిశ 0.05 డిగ్రీ తప్పింది. ఆ తర్వాత రోజంతా తప్పలేదు. కాని మొదట్లో తప్పింది అలాగే ఉండిపోతుంది. నూరు కిలోమీటర్లు పోతే 87 మీటర్లు పక్కకి చేరతాం. మరునాడు పొద్దున అదే పని చేస్తే తప్పు రాలేదు. మూడో రోజు మళ్లీ వచ్చింది.

రివ్యూ జూన్‌లో జరిగింది. అన్నను స్టోర్స్‌లోకి పంపారు. సెప్టెంబరులో కాంట్రాక్టు ముగిసింది, మళ్లీ పిలవలేదు. వెళ్లే రోజు క్యాంటీన్‌లో కనిపించి, "నా చేతులు ఎన్నడు గట్ల తప్పు చెయ్యలె మేడం" అన్నాడు. నేను "చూద్దాం అన్నా" అన్నాను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాలేదు నోట్లోంచి.

వేరేవాళ్లు చుట్టిన కొత్త కాయిల్స్ అక్టోబరులో వచ్చాయి. బండి మీద అదే తప్పు. అప్పుడు మొదలయ్యాయి నా రాత్రులు. టెంపరేచర్ ఛాంబర్‌ను పగలు వేరే ప్రాజెక్టులు వాడుకునేవి, మాకు రాత్రి తొమ్మిది తర్వాతే. మైనస్ 20 నుంచి 60 డిగ్రీల దాకా ఎక్కించి దించాలంటే తెల్లవారేది. మా బాబుకు అప్పుడు మూడేళ్లు. ఛాంబర్‌ను ఒకసారి వీడియో కాల్‌లో చూసి, దాన్ని అమ్మ ఫ్రిజ్ అనేవాడు. "అమ్మ ఫ్రిజ్‌లో పడుకుంటుంది" అని వాళ్ల నానమ్మకు చెప్పేవాడట. నవంబరులో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు మంచంలో ఉన్నా కళ్లు మూసుకుంటే రంపపు పళ్లే. మా ఆయన ఏమీ అనేవాడు కాదు, టిఫిన్ బాక్సు సర్దిపెట్టి గేటు దాకా వచ్చి వెళ్లేవాడు. రాజీనామా కాగితం రెండుసార్లు రాసి సొరుగులో పెట్టాను.

ఏం చేసినా టెస్టులు పాసవుతూనే ఉన్నాయి. ఛాంబర్‌లో రేట్ టేబుల్ ఉంటుంది, మనం చెప్పిన వేగంతో తిరిగే బల్ల. దాని మీద పెట్టి తిప్పితే వేగం సరిగ్గా చూపిస్తుంది, ఎంత వేడిలోనైనా. కదలకుండా పెడితే భూమి వేగాన్ని సరిగ్గా చూపిస్తుంది, ఎంత వేడిలోనైనా. తప్పు ఒక్క బండిలోనే వస్తుంది. అదీ మొదటి మలుపులో, అదీ కొన్ని రోజులే. దయ్యం పట్టినట్టుందని ఎవరో అంటే నాకు కోపం వచ్చింది. అది దయ్యం కాదనీ, ఎవరో ఒకరు చేసిన పొరపాటేననీ తెలుసు. ఆ ఎవరో నేనేమోనన్న భయం జనవరి నుంచి లోపల మెదులుతూనే ఉంది. దాన్ని ఎదురుగా నిలబెట్టి చూడటానికి మాత్రం ఏప్రిల్ దాకా పట్టింది. నాకు సిగ్గు అనిపించేది ఆ మూడు నెలల గురించే.

ఏప్రిల్‌లో రేట్ టేబుల్ మోటారు డ్రైవర్ కాలిపోయింది. స్పేర్ రావడానికి నెల పడుతుందన్నారు. ఖాళీగా ఉండలేక, చేత్తో తిప్పే పాత స్టాండు ఒకటి ఛాంబర్‌లో బిగించి, ఒక్క కాయిల్‌ను ఇరుసు అడ్డంగా ఉండేలా నిలబెట్టాను. 25 డిగ్రీల దగ్గర ఆన్ చేసి, 60కి తీసుకెళ్లి, రెండు గంటలు ఆగి, పక్క రంధ్రంలోంచి చేయి పెట్టి 90 డిగ్రీల అడ్డు దాకా తిప్పాను. మోటారుతోనైతే టేబుల్ వేగం నిలకడగా అయ్యేదాకా పది సెకన్లు ఆగి, అప్పుడు రికార్డు చేసేవాళ్లం. చేత్తో తిప్పేదానికి ఆగడం ఏముంది? మొదటి కదలిక నుంచే రికార్డు చేశాను.

0.05 డిగ్రీ తప్పు వచ్చింది.

చల్లార్చి, మళ్లీ వేడి చేసి, నెమ్మదిగా తిప్పాను. అంతే తప్పు. గబుక్కున తిప్పాను. అంతే. 30 డిగ్రీలే తిప్పాను. అంతే. పదినెలలుగా దొరకనిది మూడు రాత్రుల్లో ఆరుసార్లు వరసగా దొరికింది. ఏడోసారికి కేబుల్ అడ్డొస్తోందని స్టాండు బోల్టు వదులు చేసి, పక్కకు తిప్పి బిగించాను. తప్పు పోయింది. పాత దిక్కుకు తిప్పాను, వచ్చింది. ఛాంబర్ తలుపు తూర్పు ముఖంగా ఉంటుంది. ఇరుసు తలుపు వైపు, అంటే తూర్పుకు ఉంటే తప్పు. ఉత్తరానికి ఉంటే లేదు.

తెల్లవారి నాలుగింటికి కాగితం తీసుకున్నాను. ఉత్తరానికి చూసే ఇరుసుకు భూమి తిరుగుడులో చాలా భాగం అందుతుంది, గంటకు 14 డిగ్రీల పైచిలుకు. రంపం సెకనుకు మూడుసార్లు పడుతుంది. 4,096 నిండటానికి 22 నిమిషాలు. రెండు గంటల్లో రెండో లూపు అయిదుసార్లు దిద్దుకుంటుంది. నిలువు ఇరుసుకు 70 నిమిషాలు. బండిలో దిశ చెప్పేది ఆ ఇరుసే. బండి కదిలే వేళకు లెక్క నిండిందా లేదా అన్నదాన్ని బట్టి ఒకరోజు తప్పు, ఒకరోజు ఒప్పు. తూర్పుకు చూసే ఇరుసుకు భూమి తిరుగుడు అసలు అందదు. రంపం ఎక్కనే ఎక్కదు, పడనే పడదు. రెండో లూపు ఆకలితో అలా కూర్చునే ఉంటుంది. స్ఫటికం వేడెక్కి చుట్టు కొలత నూటికి ఒక పాలు మారినా దానికి తెలిసే దారే లేదు. అప్పుడు ఎవరైనా తిప్పితే, మొదటి 4,096 పళ్లు పాత కొలతతోనే పడతాయి. ఒక్కో పన్ను 4.6 ఆర్క్ సెకన్లు. హెచ్చించాను: 5.2 డిగ్రీలు. అందులో నూటికి ఒకటి: 0.052. నెమ్మదిగా తిప్పినా గబుక్కున తిప్పినా, 30 తిప్పినా 90 తిప్పినా అదే తప్పు ఎందుకొచ్చిందో ఆ అంకెలో ఉంది.

రేట్ టేబుల్ మీద మేం ఆగిన పది సెకన్లలో రెండో లూపు ఎన్నోసార్లు దిద్దేసుకునేది. కదలకుండా పెట్టినప్పుడు నూటికి ఒక పాలు తప్పినా, భూమి వేగంలో నూరో వంతు కనిపించనంత చిన్నది. ప్రతి టెస్టూ తన చోట తాను సరిగ్గానే ఉంది. ఆ రెండింటి మధ్యన ఉన్న అర సెకనును ఎవరమూ చూడలేదు.

ఇంకో సంగతి ఆ పొద్దున్నే తేలింది. నేను తీసేసిన ఆ ఒక్క శాంపిల్‌ను వేగం లెక్కలో ఉంచి ఉంటే, ఎక్కేటప్పుడు వచ్చే తప్పును పడేటప్పుడు వచ్చే తప్పు సగటులో చాలామటుకు కొట్టేసేది. రంపానికి ఆ గుణం ఉంది. స్పైకు చూసి భయపడి దాన్ని కోసేసింది నేను. కాయిల్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు.

పదింటికి మా హెడ్ వచ్చేదాకా బయట మెట్ల మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు. దొరికింది కదా అని సంతోషించారు. దిద్దడానికి మూడు వారాలు పట్టింది. ఆ శాంపిల్‌ను మళ్లీ లెక్కలోకి తెచ్చాం. రంపం పడేదాకా ఎదురుచూడకుండా ప్రతి నాలుగు శాంపిళ్లలోనూ చుట్టు కొలత బయటపడేలా మాడ్యులేషన్‌ను నాలుగు మెట్లుగా మార్చాం. ఈ పద్ధతి గైరోలు చేసేవాళ్లకు ముందునుంచీ తెలిసిందే. నేను చదివిన పేపర్లలో కూడా ఉంది. రిపోర్టులో కారణం అన్న చోట "ఫర్మ్‌వేర్ మెరుగుదల" అని రాయమన్నారు. రాశాను. సంతకం పెట్టేటప్పుడు ఆ రెండు ముక్కల్లో అన్న ఎక్కడా లేడని కనిపించింది.

మే నెలలో ఒక ఆదివారం బాలానగర్ వెళ్లాను. మోటార్ల వైండింగ్ షాపు. వార్నిష్ వాసన. అన్న నేల మీద కూర్చుని బోరు మోటారు స్టేటర్‌లో రాగి తీగ దించుతున్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి వేశాడు. నేను కూర్చోలేదు. తప్పు నాదని చెప్పాను. ఎలా జరిగిందో బిల్లు పుస్తకం వెనకాల రంపం గీసి చెప్పాను. ఎక్కడం, పడటం, తూర్పుకు పెడితే ఎక్కకపోవడం. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ సరైన ప్రశ్నలే. అంతా విన్నాక కాసేపు ఆ బొమ్మ వైపే చూశాడు.

"అంటే చుట్టుడు మంచిగనే ఉన్నదన్నట్టు."

"మంచిగానే ఉందన్నా. స్టోర్స్‌లో పడేసిన నీ కాయిల్స్ అయిదూ తెప్పించి చూశాను. ఒక్కదాంట్లో కూడా తప్పు లేదు."

"ఆ మాట కాయితం మీద రాసిస్తవా మేడం?"

నాకు తట్టలేదు ఆ సంగతి. అంత దూరం వచ్చి మాట చెబితే సరిపోతుందనుకున్నాను. ఆయనకు అక్కడ పోయింది పేరు. పేరుకు మాట చాలదు. షాపువాళ్ల దగ్గర తెల్లకాగితం అడిగి, స్టూలు మీద పెట్టుకుని రాశాను. ఐదు కాయిల్స్ నంబర్లు వేసి, వీటి చుట్టులో తప్పు లేదు, తప్పు ఎలక్ట్రానిక్స్‌ది, ఆ భాగం చేసింది నేను అని రాసి, కింద సంతకం, తేదీ. మరునాడు అదే మాట రిపోర్టులో చేర్చమని హెడ్‌ను అడిగాను. రెండుసార్లు కాదన్నారు. మూడోసారి ఒక లైను చేర్చారు.

అన్న ఆ కాగితం చదువుకుని, మడిచి, ఈఎస్‌ఐ కార్డు ఉన్న కవర్లో పెట్టుకున్నాడు. మళ్లీ రమ్మని ల్యాబ్ తరఫున చెప్పే అధికారం నాకు లేదు. ఆయనా అడగలేదు. టీ తెప్పించాడు. తాగుతుండగా అడిగాడు.

"ఇప్పుడు ఎవరు చుడుతున్నరు?"

కొత్తగా వచ్చిన పిల్లవాడని చెప్పాను. డిప్లొమా చేశాడు, జాగ్రత్తపరుడే, కాని వారానికి ఒకసారైనా ఫైబరు తెగుతోందని చెప్పాను.

"రీలు అంచుకాడికి వచ్చినప్పుడు టెన్షన్ జర తగ్గించమను" అన్నాడు. "ఆడనే తెగుతది. పై పొరకు పోయేటప్పుడు చేత్తోని పట్టుకోవాలె, మిషన్ మీద ఇడువొద్దు." గ్లాసు కింద పెట్టి, గాలిలోనే చూపుడువేలు, బొటనవేలు మధ్య లేని ఫైబరును పట్టుకుని, అంచు దగ్గర ఎలా వదులు చేయాలో చూపించాడు. నేను బొమ్మ గీసిన కాగితం మిగతా సగం మీద అది రాసుకున్నాను.